బొటనవేలంత జరిగిన కుర్చీ

ఫర్నిచర్ షాపులో ఆమెను అందరూ జరుపుడమ్మ అని పిలిచేవాళ్ళు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమె కూడా ఆ పేరుకి బిరుదు అందుకున్నంత హుందాగా పలికేది.

మూడంతస్తుల ఆ షాపులో ఆమె పని, ఎవరూ కాపురం ఉండని గదులు సర్దడం. ఒక్కో గదికి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కొనేవాళ్ళు నిలబడి, తమది కాని ఇంట్లోకి తొంగిచూస్తారు. బల్లమీద పళ్ళు మైనంవి. అలమరలో పుస్తకాలకి అట్టలే గాని లోపల కాగితాలుండవు. టీవీ అంటే నల్లరంగు పూసిన చెక్క. కిటికీ తెర తొలగిస్తే వెనకాల ట్యూబ్‌లైటు కనిపిస్తుంది. ఆ గదుల్లో పొద్దు వాలదు. దుమ్ము తప్ప వాటికి చుట్టాలు లేరు.

కొత్త సరుకు దిగినప్పుడల్లా ఆమె ఆ లేని గోడ దగ్గర నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, ఎడమకన్ను మూసేది. గదిని కాసేపు నీటిమీద పడవని చూసినట్టు చూసేది.

“ఒరుగుతోంది,” అనేది.

“ఎటమ్మా?” అని అడిగేవాళ్ళు అక్కడ అమ్మకాలు చూసే ఆడపిల్లలు.

“ఎటేమిటే, ఎడమకి! సోఫా అంతా అటే కూర్చుంది. ఇటువైపు గాలి తప్ప ఏముంది?”

“అయితే ఇటు ఇంకో సోఫా వేద్దామా?”

“వేస్తే ఇల్లవదు, రైలుపెట్టె అవుతుంది. ఇటు ఒక పొడుగాటి దీపం పెట్టు. దాని కాళ్ళదగ్గర ఒక కుండీ. రెంటికీ సోఫాకీ నడుమ కాస్త చోటు వదిలెయ్. ఆ ఖాళీ కూడా బరువే, తెలుసా? ఇప్పుడు ఆ మూల ఎర్రదిండు పడెయ్. అబ్బ, అంత పెద్దది కాదు. ఎరుపు చెంచాడు చాలు, బూడిదరంగు బస్తాడుని లేపుతుంది.”

ఆడపిల్లలు ఎర్రదిండు పెట్టేవాళ్ళు. వెనక్కొచ్చి, వాళ్ళూ ఒక కన్ను మూసేవాళ్ళు. గది మెల్లగా నిటారుగా లేచి నిలబడేది. ఎలా లేచిందో వాళ్ళకి అర్థమయ్యేది కాదు గాని, ఆ గదిని మొత్తంగా కొనుక్కుపోయేవాళ్ళు మాత్రం ఆ వారమే వచ్చేవాళ్ళు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆ చేతుల దురద షాపు గుమ్మం దగ్గర ఆగకపోవడమే. ఒకసారి పంటి డాక్టరు దగ్గరికెళ్ళింది. వంతు వచ్చేలోపు అక్కడి కుర్చీలన్నీ గోడవైపు నుంచి కిటికీవైపుకి తిప్పి, పత్రికల బల్లని మూలకి నెట్టి, చేపలబొమ్మల పటాన్ని దించి ఎదుటి గోడకి తగిలించింది. కన్ను మూసి చూసుకుని, తృప్తిగా నిట్టూర్చి, ఇంటికొచ్చేసింది. పన్ను సంగతి దారిలో గుర్తొచ్చింది.

ఆమె గొప్పతనానికి షాపులో చెప్పుకునే కథ మాత్రం ఇత్తడి గుర్రానిది. యజమాని ఎక్కడినుంచో తెచ్చి గుమ్మంలో నిలబెట్టిన గుర్రం అది. పళ్ళికిలించుకుని వచ్చినవాళ్ళమీదికి దూకేలా ఉండేది. తీసెయ్యమంటే ఆయన గుండె పగిలేది. అందుకని ఆమె ఏమీ అనలేదు. రోజూ దీపాలు వెయ్యకముందే వచ్చి, దాన్ని బొటనవేలంత జరిపేది. అంతే. వానలు మొదలైనప్పుడు గుమ్మంలో ఉన్న గుర్రం, వానలు వెలిసేసరికి మెట్లకింద ఉంది. చలి విరిగేసరికి గోడౌన్‌లో గోనెసంచుల మధ్య నిలబడి ఉంది. ఒకరోజు యజమాని గోడౌన్‌లోకొచ్చి దాన్ని చూసి, ముద్దుగా వీపు నిమిరి, “ఇక్కడైతే దీనికి ఎండ తగలదు. మంచిచోటే పెట్టించాను,” అన్నాడు.

మనుషులు మార్పుని చూస్తారు గాని, జరగడాన్ని చూడరని ఆమెకి ఆనాడే తెలిసింది. అంతటి విద్య చేతికందితే ఊరుకోవడం ఎవరివల్లవుతుంది?

ఆమెకి ఒక్కడే కొడుకు. వాడి చిన్నతనమంతా మంచం గదిలో తిరుగుతూనే ఉండేది. నిద్రలేచి కాలు కిందపెడితే ఒకరోజు నేల, ఒకరోజు గోడ. పెరిగి పెద్దయి వాడు లిఫ్టు మెకానిక్ అయ్యాడు. పైకీ కిందికీ తప్ప పక్కలకి జరగని యంత్రమంటే వాడికి ప్రాణం. పెళ్ళయి వేరే ఫ్లాటు తీసుకున్నరోజు వాడు తల్లిని వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు:

“అమ్మా, ఒక్క మాటివ్వు. ఈ ఇంట్లో ఏదీ జరపకు.”

“నేనేమిట్రా, పనీపాటా లేనిదాన్నా?”

“మాటివ్వమ్మా.”

“ఇచ్చాను పోరా,” అంది. అప్పటికే కుడిచేత్తో పొయ్యి పక్కన కూజాని కాస్త ఇటు లాగుతోంది.

కొడుకూ కోడలూ ఇద్దరివీ డ్యూటీల బతుకులు. కోడలు సిటీ బస్సులో కండక్టరు. బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పొయ్యడానికీ, పంపు బాగుచేసేవాడొస్తే తలుపు తియ్యడానికీ ఇంటితాళాలు రెండు చేయించి, ఇద్దరమ్మలకీ చెరొకటి ఇచ్చారు. జరుపుడమ్మకి షాపులో సెలవు బుధవారం. ఆ రోజు ఆమె వెళ్ళి, మొక్కలకి నీళ్ళుపోసి, ముందుగదిలో కూర్చునేది. మధ్యాహ్నం తిరిగాక కోడలు డ్యూటీ దిగి వచ్చేది. చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరి, నేలమీద చతికిలబడి, కాళ్ళు బార్లా చాపి, టీ గ్లాసు పొట్టమీద పెట్టుకుని, ఆ రోజు బస్సులో జరిగినవన్నీ చెప్పేది. మేకపిల్లని సంచిలో దాచి ఎక్కినాయన, దిగాల్సిన స్టాపు వచ్చినా పాట పూర్తికాలేదని దిగని ముసలావిడ. కోడలు ఒక్కొక్కరి గొంతుతో చెప్తుంటే అత్తగారికి పొట్ట చెక్కలయ్యేది.

జరుపుడమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఇల్లు ఎంత పొందికగా ఉండేదంటే, పొద్దున పెట్టిన గ్లాసు సాయంత్రానికీ అక్కడే ఉండేది. దాని నీడ మాత్రం చుట్టూ తిరిగొచ్చేది. బుధవారం నవ్విన నవ్వే ఆమె వారమంతా పొదుపుగా వాడుకునేది. ఆ తాళంచెవిని పర్సులో పెట్టుకునేది కాదు. మెడలో గొలుసుకి వేసుకునేది.

అయితే ఆ ముందుగదిలో ఒక కుర్చీ ఉంది.

నాచుపట్టిన రాయిలాంటి ఆకుపచ్చ కుర్చీ. చేతులు అరుగుల్లా వెడల్పు. కోడలు ఎక్కడో పాతసామాన్ల కొట్లో చూసి, మనసుపడి, బస్సు డ్రైవర్ల సాయంతో మోయించుకొచ్చింది. తెచ్చి కిటికీ పక్కన పడేసింది. దానికెదురుగా ఏమీ లేదు. ఉత్త నేల. ఆ పక్క సోఫా, ఈ పక్క టీవీ, అన్నీ కిటికీవైపుకే మొగ్గి, గదంతా ఒక అంచుకి జనం చేరిన పడవలా వాలిపోయి ఉంది. మొదటి బుధవారం ఆమె కన్ను మూసి చూసి, గబుక్కున తెరిచేసింది. కళ్ళు తిరిగాయి.

ఇచ్చిన మాట గుర్తుంది. కానీ ఇచ్చిన మాటలో బొటనవేలు సంగతి లేదు కదా?

కుర్చీని గోడవైపుకి బొటనవేలంత జరిపింది. మరుసటి బుధవారం ఇంకో బొటనవేలంత జరపబోయి చూస్తే, కుర్చీ మొదటిచోటే ఉంది. కాళ్ళకింద నేలమీద పడ్డ మచ్చల్లో అంగుళం తేడా లేకుండా కూర్చుని ఉంది. మళ్ళీ జరిపింది. మళ్ళీ వెనక్కొచ్చింది. పైగా టీవీకి అటొకటి ఇటొకటి, కవలపిల్లల్లాంటి పూలజాడీలు రెండు వెలిశాయి.

“ఓహో,” అంది జరుపుడమ్మ ఖాళీ గదితో. “ఆవిడేనన్నమాట.”

ఆవిడంటే వియ్యపురాలు, కోడలి తల్లి. స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఆమె లోకంలో అన్నీ జంటలుగా, వరుసలో, చేతులు చాపినంత ఎడంగా నిలబడాలి. ఆమె ఇంట్లో గోడగడియారానికి జంటగా ఇంకో గోడగడియారం ఉంది. రెండోది నడవదు, తోడుకి మాత్రమే. శనివారాలు ఆవిడవి.

ఇక మొదలైంది. బుధవారం జాడీల్లో ఒకటి వంటింటి గట్టుమీదికి నడిచేది. శనివారం తిరిగొచ్చి వరుసలో నిలబడేది. బుధవారం పొడుగుదీపం కుర్చీ వెనక్కి చేరేది. శనివారం దాని పక్కన ఇంకో దీపం పుట్టేది. కాళ్ళు పెట్టుకునే పీట ఒకటుండేది. అది పాపం, వారానికి రెండుసార్లు గది దాటేది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు మాత్రం ఎంతో మర్యాద.

“బాగున్నారా వదినగారూ?”

“మీ దయవల్ల. పిల్లల ఇల్లు చూశారా, ఎంత బాగా పెట్టుకున్నారో!”

“మనం వేలు పెట్టకపోతే అన్నీ బాగుంటాయి వదినగారూ.”

“నా మనసులో మాటన్నారు.”

మధ్యలో కొడుకు కాలివేలు చితికింది. పొద్దున్నే పీట ఉండకూడని చోట ఉండటంవల్ల. ఒంటికాలితో గెంతుకుంటూ పనికెళ్ళాడు. అసలే లిఫ్టు పాడైన భవనం. తొమ్మిదంతస్తులూ మెట్లెక్కే బాగుచెయ్యాలి.

ఆ ఆదివారం కోడలు ఇద్దరమ్మల్నీ పిలిచి సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడింది. రద్దీ బస్సులో వెనకసీటుదాకా వినపడే గొంతు ఆమెది. గదిలో కాస్త తగ్గించినా కిటికీ అద్దాలు సన్నగా మోగాయి.

“ఎవరు జరుపుతున్నారో నేనడగను. ఇంకొక్కసారి ఈ ఇంట్లో ఏదన్నా కదిలిందంటే, ఇద్దరి తాళాలూ నా చేతిలో పెట్టాలి. మొక్కలు చస్తే చావనీ.”

“నేనా? రామ రామ!” అంది వియ్యపురాలు.

“నాకసలు ఆ గది సరిగ్గా గుర్తే ఉండదమ్మా,” అంది జరుపుడమ్మ.

మెడలో తాళంచెవి చల్లగా తగిలింది. బుధవారాల్లేని వారం ఎలా ఉంటుందో ఆమె కళ్ళముందు కదిలింది: గ్లాసు, దాని చుట్టూ తిరిగే నీడ.

ఆ తర్వాత ఆమె పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. ఆ గదిలో రెండు కళ్ళూ బాగా తెరుచుకుని కూర్చునేది. కన్ను మూస్తే గది ఒరుగుతుంది గనక. ఒడిలో రెండు చేతులూ పెనవేసుకుని కూర్చునేది. కోడలు కథలు చెప్తుంటే నవ్వేది గాని, చూపు పోయిపోయి ఎదుటి ఖాళీ నేలమీద పడేది. కంట్లో నలుసుని ఎంతకాలం నలుసు కాదనుకోగలం?

అలా రోజులు గడుస్తుండగా కోడలు ఒక కబురు చెప్పింది. ఆమెతో ఇన్నాళ్ళూ ఒకే బస్సు నడిపిన పెద్ద డ్రైవరు వేరే డిపోకి మారుతున్నాడు. ఆమె కొత్తగా పనిలో చేరి, గొంతు పెగలక సీట్లమధ్య నిలబడి ఏడ్చినరోజు, బస్సాపి, “నీ ఇంట్లోవాళ్ళని పిలిచినట్టు పిలువమ్మా,” అని నేర్పిందాయనే. వచ్చే బుధవారం సాయంత్రం డిపోవాళ్ళందర్నీ ఇంటికి టీకి పిలిచింది.

“మా ఇంటికి మొదటిసారి జనం వస్తున్నారత్తయ్యా,” అంది. గొంతులో ఎప్పుడూ లేని బెరుకు వినిపించింది.

అంతే. జరుపుడమ్మ గుండెలో ఏదో ఒక పక్కకి దొర్లింది. ఇంతమంది ముందు ఆ ఒరిగిన గదా?

బుధవారం మధ్యాహ్నం తాళం తీసి లోపలికెళ్ళింది. చూసి వెళ్ళిపోదామనే వచ్చింది. చూసింది. ఆకుపచ్చ కుర్చీ రెండు చేతుల్నీ పట్టుకుని లేపింది. సరిగ్గా అప్పుడే బయట తాళం తిరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. చంకలో అచ్చం లోపలున్నలాంటి ఇంకో పీట ఇరికించుకుని వియ్యపురాలు నిలబడి ఉంది.

“నీళ్ళు పొయ్యడానికొచ్చారా వదినగారూ?” అంది వియ్యపురాలు. “ఆ కుర్చీకా?”

“మీరు? ఆ పీటని షికారు తిప్పడానికొచ్చారా?”

“నా జాడీల్ని వంటింట్లో ఖైదు పెట్టేది మీరేనని నాకు తెలుసు.”

“నా కుర్చీని వెనక్కి లాగేది మీరేనని నాకూ తెలుసు.”

“కుర్చీయా? ఆ కొండని నేను ముట్టుకోలేదు తల్లీ. నా నడుం సంగతి నాకు తెలీదూ?”

జరుపుడమ్మ నమ్మలేదు. కానీ వాదించుకోవడానికి పొద్దు లేదు. కుర్చీ కిందికి దించి, చెమట తుడుచుకుని అంది: “చూడండి. పాపం, పిల్ల మొదటిసారి నలుగుర్ని పిలుచుకుంటోంది. గది ఇలా ఉంటే దాని పరువేం కావాలి?”

“నేనూ ఆ మాటే అనుకుని వచ్చాను.”

“చెరిసగం?”

“నా జాడీలు జంటగా ఉండాలి.”

“ఉండనివ్వండి. పీట మాత్రం ఒక్కటే.”

వియ్యపురాలు బాధగా కళ్ళు మూసుకుని, పీటని తలుపు వెనక పెట్టింది. సంధి కుదిరింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పడిన శ్రమ చూసేవాళ్ళుంటే ముచ్చటపడేవాళ్ళు. ఒకరు “ఎడమకి, ఎడమకి” అంటుంటే, ఇంకొకరు “ఒకటి, రెండు” అని లెక్కతో అడుగులేయించారు. సోఫా కిటికీ కిందికి వెళ్ళింది. ఆకుపచ్చ కుర్చీ లోపలి మూలకి, పొడుగుదీపం నీడలోకి ఒదిగింది. జాడీలు రెండూ టీవీకి కాపలా నిలబడ్డాయి. నడుమ గుండ్రటి బల్ల, దానిమీద తెల్లగిన్నె ఒక్కటే. ఎరుపు మూడుచోట్ల, మూడు చుక్కలుగా: దిండు, కుండీ, పుస్తకం. ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. జరుపుడమ్మ ఎడమకన్ను మూసింది. వియ్యపురాలు కూడా మూసింది, కాకపోతే కుడికన్ను.

గది ఊపిరి బిగపట్టినట్టు నిలబడి ఉంది. ఎటూ ఒరగలేదు. గాలి తగిలితే కూడా నొచ్చుకునేంత పొందికగా ఉంది.

“అమ్మాయి గమనించదంటారా?” అంది వియ్యపురాలు.

“సంతోషంలో ఏం కనపడుతుంది?” అంది జరుపుడమ్మ.

సాయంత్రం కోడలు జనంతో వచ్చింది. మెట్లమీద నవ్వులు, కేకలు. ఒకరెవరో హారన్ కొట్టినట్టు నోటితో మోగించారు. తలుపు తెరుచుకుంది. మొదట వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయారు. వాళ్ళ వెనకవాళ్ళు వాళ్ళకి తగిలి ఆగారు. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

“అబ్బ, ఎంత బాగుందో,” అన్నారెవరో. ఎందుకో గుసగుసగా అన్నారు.

కోడలు గదిని చూసింది. ఇద్దరమ్మల్నీ చూసింది. వంటింట్లోకెళ్ళి టీ పెట్టింది. కొడుకు వచ్చి గదిని చూసి, పాత అలవాటుకొద్దీ కాలివేళ్ళు ముడుచుకున్నాడు.

డిపోవాళ్ళు ఎక్కడా కూర్చోలేదు. కూర్చుంటే ఏదో చెదిరిపోతుందని వాళ్ళకి అనిపించినట్టుంది. ఒకామె సోఫా అంచుమీద చిటికెడంత కూర్చుని, ఎర్రదిండుకి ఆనుకున్నానేమోనని వెంటనే లేచింది. మిగతావాళ్ళు గుమ్మం దగ్గర, టీ గ్లాసులు పట్టుకుని, దిగాల్సిన స్టాపుకోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. బల్లదాటి లోపలికి వెళ్ళడానికి ఒక్కరికే దారుంది; ఆ ఒక్కరూ వెళ్ళలేదు. పెద్ద డ్రైవరు చెప్పులు విప్పి, వాటిని ఎక్కడ పెడితే తప్పో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

“కూర్చోండన్నా,” అంది కోడలు.

“పర్లేదమ్మా. వెళ్ళాలి. పొద్దుపోయింది,” అన్నాడాయన. పొద్దింకా గోడమీదే ఉంది.

కోడలు పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మూతి బిగించింది. బస్సునిండా జనాన్ని గొంతుతో అదుపుచేసే ఆ పిల్లకి, తన ఇంట్లో ఏమనాలో తోచడంలేదు.

జరుపుడమ్మ లోపలినుంచి ఆ గుమ్మాన్ని చూసింది. వరుసగా నిలబడ్డ మనుషులు, చేతులు దగ్గరపెట్టుకుని, తమది కాని ఇంట్లోకి తొంగిచూస్తున్నారు. ఈ బొమ్మని ఆమె తన జీవితమంతా చూసింది, కాకపోతే ఎప్పుడూ అవతలినుంచి. గదికి ఏ లోపమూ లేదు. అందులోకి ఎవరూ రావడానికి లేదు, అంతే.

మెడలో గొలుసు ఒకసారి తడుముకుంది. లేచింది. ఇప్పుడు లేస్తే ఏం పోతుందో ఆమెకి బాగా తెలుసు. మూలకి వెళ్ళి, పొడుగుదీపాన్ని పక్కకి గెంటి, ఆకుపచ్చ కుర్చీని రెండు చేతులతో పట్టి ఈడ్చింది. కుర్చీ నేలమీద భయంకరంగా అరిచింది. అందరూ తిరిగి చూశారు.

“చూస్తారేంటి?” అంది జరుపుడమ్మ, రొప్పుతూ. “బస్సు ఖాళీగా పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడతారా? జరగండి, లోపలికి జరగండి!”

డిపో డిపో అంతా పగలబడి నవ్వింది. ఇద్దరు డ్రైవర్లు వచ్చి సోఫాని ఎత్తారు. టైర్ల మెకానిక్ గుండ్రటి బల్లని గిన్నెతో సహా నెత్తిన పెట్టుకుని బాల్కనీలోకి చేర్చాడు. వియ్యపురాలు కాసేపు తన జాడీలవంక చూసి, ఒకదాన్ని తీసి పెద్ద డ్రైవరు చేతికిచ్చి, ఆయన చేతిలోని చెప్పులు తీసుకుంది. ఆయన జాడీ పట్టుకుని ఇంకా అయోమయంగా నిలబడ్డాడు.

జరుపుడమ్మ కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కొచ్చి, నేలమీది పాత మచ్చల్లో కాళ్ళు కుదిరేలా నిలబెట్టింది. మచ్చలకోసం వెతుక్కోలేదు కూడా. కోడలు అది చూసింది.

పెద్ద డ్రైవర్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. వెడల్పాటి చేతులమీద చెరొకరు ఎక్కారు. ఎదురుగా ఉన్న ఖాళీ నేలమీద ఆడకండక్టర్లు గోడకానుకుని, రోజంతా నిలబడ్డ కాళ్ళు బార్లా చాపుకున్నారు. మధ్యలో కోడలు. దాచిపెట్టిన పీట బయటికొచ్చింది, దానిమీద ఎవరో కూర్చున్నారు. కథలు మొదలయ్యాయి. పెద్ద డ్రైవరు ఆరోజు ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుని అనుకరిస్తే, ఆమె ఆయన ఒకసారి మూడో గేరు మర్చిపోయిన సంగతి బయటపెట్టింది. టీ గ్లాసులు చేతులమీదుగా గదంతా ఈదాయి.

జరుపుడమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, అలవాటుకొద్దీ కన్ను మూసింది. కిటికీ దగ్గర కొండలాంటి కుర్చీ, ఎదురుగా నేలమీద వరుసగా చాచిన కాళ్ళు, వాటిమీదుగా అటూఇటూ పరిగెత్తే నవ్వు. గది బరువుగా, నిండుగా, నీటిమీద సమంగా సాగిపోతోంది. తను ఇన్నాళ్ళూ తూకంలో మనుషుల్ని వెయ్యలేదు.

జనం వెళ్ళేసరికి వీధిదీపాలు వెలుగుతున్నాయి. కోడలు గ్లాసులన్నీ సింకులో వేసి, చేతులు తుడుచుకుని, అరచెయ్యి చాపింది.

“తాళాలు.”

వియ్యపురాలు సంచిలోంచి తీసిచ్చింది. జరుపుడమ్మ మెడలో గొలుసు విప్పింది. కొక్కెం ఊడటానికి ఎందుకో చాలాసేపు పట్టింది.

“ఒక్కటి చెప్పు,” అంది. “ఆ కుర్చీని వెనక్కి లాగింది మీ అమ్మేనా?”

“నేనే. ప్రతి బుధవారం మీరు చెప్పులేసుకుని మెట్లు దిగగానే కాలితో ఒక్క తన్ను. మళ్ళీ వారం మీరు దాన్ని చూసి మొహం ఎలా పెట్టుంటారో అనుకుంటే నవ్వొచ్చేది.”

“అన్నీ తెలిసి ఊరుకున్నావా?”

“బొటనవేలంతేగా అని. మా ఆయన వేలు చితికేదాకా సరదాగానే ఉంది.” కోడలు తాళాలు రెండూ గలగలలాడించింది. “అత్తయ్యా, మీరు ఆ కుర్చీలో కూర్చుంటారు. నేను దాని ఎదురుగా కాళ్ళు చాపుకుంటాను. ఆ ఖాళీ నా కాళ్ళది. అక్కడ దీపం పెడితే కాళ్ళు నెత్తిన పెట్టుకోనా?”

“అంటే వదినగారూ,” అంది వియ్యపురాలు మెల్లగా, “మిమ్మల్ని కూడా సామాన్లలో లెక్కేసే పెట్టిందన్నమాట. గట్టి బరువే.”

“మీకు జంట దొరకదు గాని, ఉంటే మిమ్మల్నీ పెట్టేది,” అంది జరుపుడమ్మ. గొలుసులేని మెడ తడుముకుంది.

కోడలు ఇద్దరివంకా చూసింది. పెదవి కొరుక్కుంది. కండక్టరు చిల్లర ఇవ్వకుండా ఆటపట్టించేటప్పటి చూపు అది.

“తిరిగి కావాలా?”

ఇద్దరూ తలూపారు, స్కూలుపిల్లల్లా.

“అయితే మీ ఇళ్ళ తాళాలు ఇవ్వండి. చెరొకటి. మీరు లేనప్పుడు నేనూ వస్తాను. నాకు తోచినట్టు జరుపుతాను. నోరెత్తకూడదు.”

“మా ఇంట్లోనా?” అంది వియ్యపురాలు, ఎవరో వరుస తప్పారన్నంత భయంగా.

జరుపుడమ్మకి తన ఇల్లు కళ్ళముందు మెదిలింది, వెంట్రుకవాసి తేడాలేని ఇల్లు. పర్సు తీసి, తన ఇంటి తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, పిల్లల ఇంటిది తీసుకుని మళ్ళీ గొలుసుకి వేసుకుంది. కొక్కెం ఈసారి ఒక్క దెబ్బకి పడింది.

వారం తిరగకముందే, ఒక సాయంత్రం షాపునుంచి ఇంటికొచ్చి తలుపు తీసి, లోపలికి వెయ్యబోయిన అడుగు వెనక్కి తీసుకుంది. వేరే ఇంటికి వచ్చానేమో అనుకుంది. గోడనంటిపెట్టుకుని ఉండే సోఫా గది నడుమకొచ్చి వీధివైపుకి తిరిగింది. ఆమె ఒక్కతే కూర్చునే కుర్చీ తలుపుకి ఎదురుగా ఉంది. ఎన్నేళ్ళుగానో ఊపిరిలా కాపాడుకున్న ఖాళీలో చాప పరిచి, గోడకి దిండు ఆనించి ఉంది. పటాలు రెండు కిందికి దిగి గోడకానుకుని కూర్చున్నాయి. ఎటుచూసినా ఏదో ఒకటి ఒరుగుతోంది.

చేతులు వాటంతటవే సోఫామీదికి వెళ్ళాయి. ఫోను మోగింది.

“ఎలా ఉందత్తయ్యా ఇల్లు?”

“మునిగిపోతోందే. నీళ్ళు లోపలికొస్తున్నాయి.”

“మీరు ముట్టుకోకండి. ఎక్కేవాళ్ళం వస్తున్నాం. ఇప్పుడే స్టాపులో దిగాం. మా అమ్మా, మీ అబ్బాయీ, డిపోనుంచి ఇంకో ముగ్గురు. టీ పెట్టండి.”

“ముగ్గురా? నాకు చెప్పకుండా...”

వంటింట్లోకి పరిగెత్తింది. రోజూ వాడే చిన్నగిన్నె ఇంతమందికి ఏ మూలకి? పెద్దగిన్నెకోసం పై అరలోకి చెయ్యి పెట్టింది. చేతికి గ్లాసులు తగిలాయి. కింద అరలో చూసింది, డబ్బాలున్నాయి. డబ్బాలుండే చోట పళ్ళేలున్నాయి. కళ్ళు మూసుకుని దేన్నయినా తీసివ్వగలిగిన మనిషి, కళ్ళు తెరుచుకుని తన వంటింట్లో తనే దారితప్పింది.

“పెద్దగిన్నె ఎక్కడ పెట్టావే రాక్షసీ!” అని ఫోనులోకి అరిచింది.

మెట్లమీద చెప్పుల చప్పుడు, నోటితో మోగిస్తున్న హారను దగ్గరవుతున్నాయి.